ఇంట బొగ్గుల కుంపటి

తెలుగు ఇండ్లలో ఒకప్పుడు కుంపటి లేని వంటయిల్లు అరుదు. పెద్ద వంట కట్టెల పొయ్యిమీద సాగుచుండగా, పాలు కాగుటకును, కాఫీ కాచుటకును, వంకాయ కాల్చుటకును పెరటి వసారాలో బొగ్గుల కుంపటి ప్రక్కగా రాజుకొని యుండెడిది. కిరసనాయిలు స్టవ్వును, తరువాత గ్యాసు పొయ్యియు వచ్చి దానిని అటక మీదికి చేర్చినవి. అయినను గ్యాసు మంటపై కాల్చిన వంకాయతో చేసిన పచ్చడి తిని, “ఆ రుచి రాలేదే!” అనని పెద్దవారు తక్కువ. ఇప్పుడు డాబాలమీదను, పెరళ్లలోను సెలవుదినములందు బొగ్గులపై మొక్కజొన్న పొత్తులు, చేపలు, మాంసము కాల్చుకొను వేడుక మరల కనిపించుచున్నది. అందుకై బజారులో రకరకముల ఇనుప పొయ్యిలను అమ్ముచున్నారు.

క్రొత్తగా ఈ పనికి పూనుకొనువారు మొదట అడుగు ప్రశ్న “ఏ పొయ్యి కొనవలెను?” అని. అంతకంటె ముందు తెలియవలసినది వేరొకటి కలదు. కట్టెల పొయ్యివద్ద మంటను చూచి వండుదుము. గ్యాసు పొయ్యివద్ద మీట త్రిప్పి వండుదుము. కుంపటిలో మంటయు లేదు, మీటయు లేదు. అందు వంటను నడపునది గాలి. నిప్పునకు గాలి ఎంత, ఎప్పుడు, ఏ వైపునుండి ఈయవలెనో తెలిసినవారికి పాత బకెట్టు కుంపటి చాలును. ఆ గాలియే చుట్టునున్న మనుష్యులకు కరవైనచో ఎంత విలువగల పొయ్యియైనను ప్రాణాంతకమగును. కుంపటి విద్య యంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది.

బొగ్గనగా గాలి చాలని చోట కాలిన కట్టె. కట్టెలను పోగుగా పేర్చి, పైన ఆకులును మట్టియు కప్పి, లోపల నిప్పు పెట్టుదురు. కొంత కట్టె కాలగా పుట్టిన వేడిమికి తక్కిన కట్టెలోని తేమయు, పొగగా మారు పదార్థములును వెడలిపోవును. మిగులునది చాలవరకు కర్బనము. అందుచేతనే ఈ పద్ధతిలో నాలుగైదు కిలోల ఎండుకట్టెకు సుమారు ఒక కిలో బొగ్గు మాత్రమే లభించును. పొగకు మూలమైనవి ముందే పోయినవి గనుక మంచి బొగ్గు రాజుకొనిన పిమ్మట కణకణలాడునే కాని భగ్గున మండదు. దాని వేడిమి ఎండవలె సూటిగా ప్రసరించి, పైనున్న పదార్థమును తాకును.

తుమ్మ, సరుగుడు వంటి గట్టి కట్టెతో చేసిన బొగ్గు ఎక్కువసేపు నిలుచును. రెండు ముక్కలను తట్టినప్పుడు ఖంగుమని మ్రోగవలెను. విరిచినప్పుడు లోపల నిగనిగలాడు నలుపు కనిపించవలెను. గోధుమరంగు కనిపించినచో అది సగము కాలిన కట్టె, పొగ పెట్టును. తడిసిన బొగ్గు చిటపటలాడి నిప్పురవ్వలు ఎగజిమ్మును గనుక ఎండబెట్టి వాడవలెను. సింగరేణి వంటి గనులనుండి త్రవ్వి తీయు రాక్షసి బొగ్గు పేరునకు బొగ్గేయైనను, ఆహారమును నేరుగా కాల్చుటకు పనికిరాదు. దానిలోని గంధకము మొదలగునవి పొగతోపాటు తిండికి పట్టును.

ఇక కుంపటి. మట్టిదైనను, ఇనుపదైనను దానికి మూడు భాగములు కలవు: పైన బొగ్గులుండు గిన్నె, నడుమ చువ్వలు లేక చిల్లుల పళ్లెము, క్రింద బూడిద రాలు అర. ఆ అరకు ఒక నోరుండును. వేడిగాలి తేలికయై పైకి పోవుచుండగా, దాని చోటికి చల్లగాలి ఈ నోటినుండి లోనికి వచ్చును. నోరు పూర్తిగా తెరచిన నిప్పు చురుకగును; సగము మూసిన మందగించును. బూడిద నిండి నోరు పూడినచో ఎంత విసరినను ప్రయోజనముండదు. 1952లో అమెరికాలోని షికాగో ప్రాంతమున జార్జి స్టీఫెన్ అను నతడు, తాను పనిచేయు లోహపు కార్ఖానాలో తయారగు సముద్రపు బోయాను రెండుగా కోసి మూతగల గుండ్రని పొయ్యిని నిర్మించెను. నేడు లోకమంతట అమ్ముడుపోవుచున్న ఆ పొయ్యిలోని కీలకమును మన కుంపటి కీలకమే: క్రింద ఒక గాలిదారి, పైమూతలో మరియొకటి.

కుంపటిపై పరచుటకు ఇనుప జాలీ కావలెను. ఇందొక జాగ్రత్త కలదు. తుప్పు పట్టకుండ జస్తపు పూత పూసిన కంచె జాలీని వాడరాదు. నిప్పు వేడికి ఆ పూతనుండి హానికరమగు ఆవిరి వెలువడును. పూతలేని ఇనుము గాని, స్టీలు గాని మేలు. బొగ్గులకును జాలీకిని నడుమ 4 నుండి 6 అంగుళముల ఎడము చాలును. పట్టకారు, విసనకర్ర, దాపున ఒక బకెట్టు నీళ్లు: తక్కిన సరంజామా ఇంతే.

నిప్పు రాజవేయుటకు కిరసనాయిలు పోయువారు కలరు. దాని వాసన ఆహారమును విడువదు; రగులుచున్న బొగ్గులపై పోసినచో మంట చేతిమీదికే లేచును. కొబ్బరిపీచు, ఎండిన చిప్పముక్కలు అడుగున వేసి, వానిపై బొగ్గులను గోపురమువలె పేర్చి, అడుగున వెలిగించవలెను. గోపురముగా పేర్చుటలో యుక్తి కలదు: క్రింది ముక్క వేడిమి పై ముక్కకు అందును, సందులనుండి గాలి ఆడును. మొదట విసనకర్రతో క్రింది నోటివద్ద మెల్లగా విసరవలెను. పైనుండి విసరిన బూడిద లేచునే కాని నిప్పు అంటుకొనదు.

ఇచ్చట క్రొత్తవారు తొందరపడుదురు. నిప్పు కనబడగనే జాలీపై పదార్థమును పెట్టుదురు. అది పైన మాడి లోపల పచ్చిగా మిగులును. 20 నుండి 30 నిమిషములు ఓపిక పట్టవలెను. నల్లని ముక్కలన్నియు తెల్లని పలుచని బూడిద కప్పుకొని, సందులలో ఎర్రదనము తొంగిచూచునప్పుడు కుంపటి వంటకు సిద్ధమైనట్లు. జాలీకి నాలుగైదు అంగుళముల పైన అరచేయి చాపి లెక్కింపుడు. రెండు మూడు అంకెలకే చేయి తీయవలసివచ్చినచో అది తీక్ష్ణమైన వేడి. ఐదారు అంకెలవరకు ఓర్వగలిగినచో మధ్యమమైనది. పిమ్మట బొగ్గులను ఒక ప్రక్కకు దట్టముగా జరిపి, రెండవ ప్రక్కను పలుచగా విడువవలెను. దట్టమైన వైపున రంగు తెప్పించి, పలుచని వైపునకు మార్చి లోపల ఉడుకనిచ్చుట కుంపటిపై కాల్చువారికి మొదటి పాఠము.

ఆరంభమునకు కూరగాయలే తగినవి. అవి చిన్న పొరపాట్లను మన్నించును. లేత మొక్కజొన్న పొత్తును త్రిప్పుచు పది నిమిషములు కాల్చి, ఉప్పు కారము అద్దిన నిమ్మచెక్కతో రుద్దినచో పిల్లలు మరల అడుగుదురు. గుండ్రని పెద్ద వంకాయకు నూనె రాచి, కత్తిమొనతో నాలుగైదు గాట్లు పెట్టవలెను. లేనిచో లోని ఆవిరికి పగులవచ్చును. తొక్కయంతయు నల్లబడి, తొడిమవద్ద నొక్కిన మెత్తగా దిగువరకు త్రిప్పుచు కాల్చవలెను. చిలగడదుంపలను నిప్పులపై గాక ప్రక్కనున్న వేడి బూడిదలో పూడ్చుట మేలు. చేయి కుదిరిన పిమ్మట చేపను పెట్టవచ్చును. కొరమీనుకు గాని చందువకు గాని రెండు వైపుల గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారము, నిమ్మరసము పట్టించి అరగంట యుంచవలెను. జాలీ బాగుగా వేడెక్కిన పిమ్మట నూనె రాచి చేపను పెట్టి, అది తనంత తాను వదలువరకు కదపరాదు. ముందుగా లాగినచో చర్మము జాలీకే యుండిపోవును.

మాంసము చివరి తరగతి. హైదరాబాదులో ‘పత్థర్ కా గోష్త్’ చేయువారు బొగ్గులపై రాతిపలకను కాచి, దానిపై మాంసపు పలుచని ముక్కలను కాల్చుదురు. మాంసము మెత్తబడుటకు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించుట మన వంటవారెరిగిన విషయమే. బొప్పాయిలోని పపేయిన్ అను పదార్థము మాంసపు పీచును విడగొట్టును. మితిమీరి నానవేసినచో ముక్క పిండివలె చెదరును. కోడిమాంసము లోపల 74 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి చేరవలెను. ఉష్ణమాపకము లేనివారు దళసరి ముక్కను కోసి చూచి, గులాబిరంగు ఏమాత్రము కనిపించినను మరల జాలీపై ఉంచవలెను.

కాల్చిన పదార్థమునకు ఆ రుచి ఎచ్చటనుండి వచ్చును? వేడిమి హెచ్చినప్పుడు ఆహారములోని మాంసకృత్తుల అంశములును చక్కెరలును కలిసి గోధుమవన్నెను, క్రొత్త పరిమళములను పుట్టించును. ఈ మార్పును 1912లో వెల్లడించిన ఫ్రెంచి రసాయనవేత్త మెయ్యార్ పేరనే దానిని పిలుచుచున్నారు. అయితే గోధుమవన్నె వేరు, మాడు వేరు. క్రొవ్వు కారి నిప్పుపై పడినప్పుడు మంటయు నల్లని పొగయు లేచి ఆహారమునకు మసి పట్టును. మసి దేహమునకు చేటని 1775లోనే లండను వైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టములు తుడుచువారిలో కనిపించిన కాన్సరును పరిశీలించి తెలిపెను. కావున క్రొవ్వును ముందే కోసివేయుట, మంట లేచినప్పుడు ముక్కను ప్రక్కకు జరుపుట, మాడిన భాగమును గీకివేయుట అలవాటు చేసికొనవలెను.

ఇంతవరకు చెప్పినది రుచికి సంబంధించినది. ప్రాణమునకు సంబంధించినది ఇకముందున్నది. గాలి చాలినంత లేని చోట బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోయు హెమోగ్లోబిన్ ఈ వాయువును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అందుచే ఊపిరి ఆడుచున్నను దేహమునకు ప్రాణవాయువు అందదు. తలనొప్పి, కడుపులో వికారము, మగత కలుగును. నిద్రలోనున్నవారికి అవియు తెలియవు. పొగ లేనంత మాత్రమున విషము లేదనుకొనరాదు. నిశ్శబ్దముగా ఎర్రగా కనబడు కుంపటియే ఎక్కువ మోసగించును.

“మా తాతలనాడు ఇంటిలోనే కుంపటి యుండెడిది కదా!” అని అడుగవచ్చును. ఉండెడిది నిజమే. కాని ఆ యిండ్లకు పెంకుల సందులు, నడుమ ఆకాశము కనిపించు మండువా, తలుపులేని వసారా యుండెను. గాలి అడుగకయే వచ్చిపోవుచుండెను. నేటి అపార్టుమెంటు గదికి కిటికీలు మూసినచో గాలి వచ్చు దారి లేదు. అద్దములు బిగించిన బాల్కనీయు గదితో సమానమే. పాత అలవాటును తెచ్చుకొనునప్పుడు పాత ఇంటిని తెచ్చుకొనలేమని మరువరాదు. కావున కుంపటి ఆరుబయటనే యుండవలెను. చలికాలమున వెచ్చదనమునకై పడకగదిలో కుంపటి నుంచుకొని నిద్రించుట ఎన్నడును తగదు. ఎవరికైన తలనొప్పియు మగతయు కలిగినచో వెంటనే బయటిగాలికి తెచ్చి, వైద్యుని వద్దకు చేర్చవలెను.

వంట ముగిసిన పిమ్మట కుంపటి నోటిని, పైభాగమును మూతలతో బిగించినచో గాలి అందక నిప్పు తానే ఆరును. మిగిలిన బొగ్గు మరునాటికి పనికివచ్చును. ఆ కుంపటిని కూడ లోనికి తేరాదు. మూతక్రింద చాలసేపు నిప్పు బ్రతికియే యుండును. బూడిదను ఒక రోజంతయు చల్లారనిచ్చి, ఇనుప డబ్బాలోనికి తీయవలెను. అంతవరకు దానిని ప్లాస్టికు చెత్తబుట్టలో పోయరాదు. పూర్తిగా చల్లారిన పిమ్మట అంట్లు తోముటకు అది ఇప్పటికిని మంచి పొడియే.