మెట్టసీమలో ఇంగ్లీషు నుడికారం

విడివిడి మాటల అర్థాలు కలిపినా తేలని ప్రత్యేకార్థాన్ని ఇచ్చే పదబంధాన్ని జాతీయం అంటారు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వంటి పోటీ పరీక్షలలో ఇంగ్లీషు జాతీయాల మీద ప్రశ్నలు వస్తాయి కనుక అభ్యర్థులు వాటిని పట్టికలుగా కంఠస్థం చేస్తుంటారు గాని, ఆ పట్టికలో అర్థం ఉంటుందే తప్ప ఆ అర్థానికి ఊతమిచ్చిన నేల, వాతావరణం, బతుకుతెరువు కనిపించవు.

కష్టకాలానికి దాచుకోవడాన్ని ఇంగ్లీషువారు 'సేవింగ్ ఫర్ ఎ రెయినీ డే', అనగా వాన పడే రోజు కోసం దాచుకోవడం అంటారు. ముసురు తరచుగా పట్టే ఆ దేశంలో వాన పనికీ ప్రయాణానికీ అడ్డు కావచ్చు గాని, రాయలసీమలోని రాయచోటి, గాలివీడు, లక్కిరెడ్డిపల్లె ప్రాంతాల మెట్టరైతు వాన కోసమే ఆకాశం వంక చూస్తాడు, దాచుకున్నది కరువు ఏట ఖర్చు పెడతాడు. కనుక ఈ జాతీయాన్ని మాటకు మాటగా చదివిన ఇక్కడి విద్యార్థికి అర్థం తలకిందులుగా తోచడంలో వింత లేదు. కొద్దిపాటి జీతానికి పనిచేయడాన్ని 'వర్కింగ్ ఫర్ పీనట్స్' అనడం కూడా, శనక్కాయల పంట మీదే ఏడాది బతుకు ఆధారపడిన ఇళ్లలో అంత సులభంగా మింగుడుపడేది కాదు.

ఇంతకంటె లోతైన తేడా చలువకూ వేడిమికీ సంబంధించినది. ఇంగ్లీషులో ఆదరణ వెచ్చనిది, అందుకే 'వార్మ్ వెల్కమ్'. నిరాదరణ చల్లనిది, అందుకే ముఖం చాటేయడం 'కోల్డ్ షోల్డర్', అనగా చల్లని భుజం. వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటే సీమలో పెద్దలు "నీ కడుపు చల్లగుండ" అని దీవిస్తారు, దయగలామెను చల్లని తల్లి అంటారు, ఓర్వలేనితనాన్ని కడుపుమంట అంటారు. అయినా భయం దగ్గర రెండు భాషలూ దగ్గరవుతాయి: తీరా సమయం వచ్చేసరికి ధైర్యం జారిపోవడాన్ని 'కోల్డ్ ఫీట్' అంటే, తెలుగువారు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయంటారు.

పరభాషా నుడికారం అందని ఈ చిక్కులోనే ఎదురువైపు నుంచి పడినవాడు, 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన ఇంగ్లీషువాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కడపలో బంగళా కొని, పండితులను సొంత ఖర్చుతో పోషించి కావ్యాలను పరిష్కరింపజేసిన ఆయన, 1852లో వెలువడిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో అర్థం చెప్పి ఊరుకోక, ఆ మాటతో ఏర్పడే పలుకుబళ్లను ప్రయోగాలతో సహా చూపాడు. కచేరీలలో, వాడుకలో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా ప్రచురించాడు. ఆ బంగళా ఉన్న చోటనే నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది.

ప్రయోగం తెలియకపోతే అర్థం తెలిసినా ముప్పే. 'కిక్ ద బకెట్', 'పాస్ అవే' రెండింటికీ పట్టికలో చనిపోవడమనే ఉంటుంది గాని, మొదటిది తెలుగులో బాల్చీ తన్నేయడం వంటి మోటుమాట, రెండవది కాలం చేయడం వంటి మర్యాదమాట. పరామర్శకు వెళ్లిన ఇంట్లో ఈ రెండవదే అనదగినది.