గాలిమరకు మూడు రెక్కలే ఎందుకు?

తాటాకు ముక్కకు తుమ్మముల్లు గుచ్చి ఎదురుగాలికి పరుగెత్తే పిల్లవానికి గాలిమర సంగతి సగం తెలిసినట్లే. గాలికి రెక్క తిరుగుతుంది. ఆ భ్రమణాన్ని ఇరుసుద్వారా జనరేటరుకు అందిస్తే విద్యుత్తు పుడుతుంది. తీగచుట్టకూ అయస్కాంతానికీ మధ్య కదలిక ఉంటే తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తున్నది. అయితే పెద్ద గాలిమరను చూచిన విద్యార్థి ఒక ప్రశ్న వేయక మానడు. అంత విశాలమైన వలయంలో సన్నని రెక్కలు మూడే ఉన్నవేమి? వాటి సందులగుండా పోయే గాలి వృథా కాదా?

1888లో అమెరికాలోని క్లీవ్‌లాండులో చార్లెస్ బ్రష్ తన ఇంటి ఆవరణలో నిలిపిన యంత్రానికి 144 రెక్కలు! చక్రం వ్యాసం 17 మీటర్లు. అయినా అది ఇచ్చిన శక్తి 12 కిలోవాట్లే.

ఈ చిక్కు విప్పడానికి పూనుకొన్నవాడు ఒక ఉపాధ్యాయుడు. డెన్మార్కులోని ఆస్కోవ్ గ్రామ విద్యాలయంలో బోధించే పోల్ లా కూర్ 1891లో విద్యుత్తుకోసం గాలిమర కట్టాడు. ఆ విద్యుత్తుతో నీటిని విడగొట్టి, వచ్చిన ఉదజనితో బడిలో దీపాలు వెలిగించాడు. (ఉదజనిలో ప్రాణవాయువు కలిసి పేలుళ్లు జరిగి కిటికీ అద్దాలు పగిలేవట. ఇతర ఉపాధ్యాయులు అనుకరించదగిన ప్రయోగం కాదు.) చిన్న నమూనాలపై గాలిని ఊది పరీక్షించి, విద్యుత్తుకు కొద్ది రెక్కలతో వేగంగా తిరిగే చక్రమే మేలని అతడు తేల్చాడు.

కారణమేమి? నేటి రెక్క గాలితోపుకు లొంగి తిరిగేది కాదు. విమానపు రెక్కవలె దాని రెండు వైపులా పీడనం వేరుగా ఉండటంవల్ల కలిగే బలంతో తిరుగుతుంది. అందుచేత రెక్క కొన గాలికంటె ఎన్నో రెట్లు వేగంగా పోగలదు. అంత వేగంలో ఒక రెక్క వదలిన చోటికి మరొకటి వెంటనే వచ్చి చేరుతుంది. రెక్కలు ఎక్కువైతే ముందు రెక్క కలచివేసిన గాలిలో వెనుక రెక్క దూరవలసివస్తుంది. నీరు తోడే గాలిమరకు మాత్రం చాలా రెక్కలే నయం. దానికి కావలసినది వేగం కాదు, మెల్లగానైనా బలంగా తిప్పే శక్తి.

గాలిలోని శక్తినంతా పట్టుకోవడమూ సాధ్యం కాదు. అంతా లాగివేస్తే రెక్కల వెనుక గాలి నిలిచిపోతుంది, ముందు గాలికి దారి ఉండదు. నూటికి 59 పాళ్లకు మించి రాబట్టలేమని జర్మన్ శాస్త్రజ్ఞుడు బెట్జ్ 1920లో లెక్కగట్టాడు.

వేగం లెక్క ఇంకా విచిత్రమైనది. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తే చదరపు మీటరుగుండా పోయే శక్తి సుమారు 75 వాట్లు. 10 మీటర్లయితే 600 వాట్లు! వేగం రెట్టింపైతే ప్రతి కిలోగ్రాము గాలిలోని గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. సెకనులో వచ్చే గాలికూడా రెట్టింపవుతుంది. మొత్తం ఎనిమిది రెట్లు. కనుకనే గాలిమరలకు ఎత్తయిన స్తంభాలు, కొండలు, తీరాలు కావాలి. 1990లలో అనంతపురం ప్రాంతపు రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినదీ ఇందుకే.

నిలువు ఇరుసు రకాలు వెనుకబడటానికి ఒక కారణం ఇదే. పీపాను నిలువునా చీల్చి సగాలను పక్కకు జరిపినట్లుండేది సవోనియస్ మర. కవ్వంవలె ఉండేది డారియూ మర. ఇవి ఏ దిక్కు గాలికైనా తిరుగుతాయి, జనరేటరు నేలమీదనే ఉంటుంది. కాని నేలదగ్గర గాలి మందం. పైగా డారియూ మర సాధారణంగా తనంతట తాను బయలుదేరదు, మొదట తిప్పిపెట్టాలి.

లా కూర్ వద్ద చదువుకొన్న యోహన్నెస్ యూల్ 1957లో డెన్మార్కులోని గెడ్సర్ వద్ద మూడు రెక్కల మరను నడిపించాడు. వ్యాసం 24 మీటర్లు, శక్తి 200 కిలోవాట్లు. బ్రష్ చక్రానికి రెట్టింపు వైశాల్యం, పదహారు రెట్లకు పైగా శక్తి! జనరేటర్లూ గాలులూ వేరు గనుక ఇదంతా రెక్కల మహిమ అనరాదు. మెల్లగా తిరిగే చక్రానికీ వడిగా తిరగవలసిన జనరేటరుకూ మధ్య వేగం పెంచే ఏర్పాటుకూడా ఉండేది. తుఫానులో చక్రం అదుపు తప్పితే రెక్కల కొనలు వాటంతట అవే అడ్డం తిరిగి వేగాన్ని అణచేవి. ఆ మర 1967 వరకు పనిచేసింది.