లాభం, రెండు, మూడు...

జనగామ ప్రాంతపు కల్లాల్లో వడ్లు కొలిచే పెద్దలు లెక్కను 'ఒకటి'తో మొదలుపెట్టేవారు కారు. మొదటి కుంచాన్ని 'లాభం' అని, ఆ తర్వాత 'రెండు', 'మూడు' అని లెక్కించేవారు. దైవాన్ని తలుచుకున్న నోటితో పలికే తొలి మాటే లాభం. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాక ఆ మాట వినబడటం తగ్గింది గాని, దుకాణంలో లక్ష్మీదేవి పటం కింద గల్లాపెట్టె స్థానం మారలేదు. ఆ యజమానిని 'నీది భక్తా, స్వార్థమా?' అని ఎవరూ నిలదీయరు. నిలదీయవలసిన పని లేదనే నేనూ అంటాను. సిరిసంపదల్లో దైవానుగ్రహపు గుర్తులను వెతుక్కున్న విశ్వాసుల గురించి మాక్స్ వెబర్ వందేళ్ల కిందటే రాశాడు. నా అభ్యంతరం వేరు. ఆ ప్రశ్నను మన సమాజమూ, రాజ్యమూ దళితుడికే ఎందుకు దాచిపెట్టాయి?

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ చరిత్రలో దీనికి ఆధారం ఉంది. వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. ఆయన కాలంలో మాల, మాదిగ వాడలు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చాయి. అక్షరం కోసం వచ్చినవారూ, దొర ముందు తలెత్తి నిలబడటానికి వచ్చినవారూ వారిలో ఉన్నారు. 'బియ్యం కోసం మారినవాళ్లు' అన్న ఎగతాళి వారికీ తప్పలేదు. గాంధీజీ సైతం 1936-37లో 'హరిజన్' పత్రికలో ఈ సామూహిక మార్పిడులను తీవ్రంగా ఆక్షేపించారు. విచిత్రమేమిటంటే, ఎసట్లో పోసే బియ్యం నుంచి పిడికెడు తీసి సంఘానికి దాచిన తల్లులు ఆ వాడల్లోనే ఉన్నారు. బియ్యం తీసుకున్నవారన్న మాట నిలిచింది, ఇచ్చినవారన్న మాట నిలవలేదు.

ఈ ఎగతాళికి జవాబుగా 'మాకు స్వార్థం లేదు' అని ప్రమాణాలు చేయటం పొరపాటు. 1936లో బొంబాయి మహర్ల సభలో అంబేద్కర్ అలా చేయలేదు. మతాంతరీకరణకు ఆధ్యాత్మిక కోణంతో పాటు భౌతిక కోణమూ ఉందని బాహాటంగా చెప్పారు. భూపాలపల్లిలో బాయి దిగే ముందు మైసమ్మకు దండం పెట్టుకునే సింగరేణి కార్మికుడు, దసరా ముందు లాభాల్లో వాటా అడుగుతాడు. 2024లో సంస్థ 33 శాతం వాటా ప్రకటించింది, కాంట్రాక్టు కార్మికులకు తొలిసారి ఐదేసి వేల రూపాయలు ఇచ్చింది. వాటా అడిగినందుకు అతని భక్తిని ఎవరూ శంకించలేదు.

దళిత క్రైస్తవుడి విషయంలో మాత్రం శంకే చట్టమైంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ద్వారం తెరిచారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి మన రాష్ట్రంలో దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం. 2024 నవంబరు 26న పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారటం రాజ్యాంగాన్ని మోసగించటమేనని తీర్పు చెప్పింది. పన్ను మినహాయింపు కోసం ఆలయ ట్రస్టుకు విరాళమిచ్చే కోటీశ్వరుడి నమ్మకాన్ని ఏ న్యాయస్థానమూ తూచదు. చర్చి గోడల లోపల మాల, మాదిగ బల్లలు వేరుగా ఉన్నంత కాలం, మతం మారితే కులం పోయిందన్న వాదన ఉత్తర్వు రాసినవారికి తప్ప ఎవరికీ అక్కరకు రాదు. ఈ మాట మా సంఘపెద్దలకు రుచించదని తెలుసు.

డోర్నకల్ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి గత ఏడాది ఫెలోషిప్ దరఖాస్తుతో నా గదికి వచ్చాడు. కులం గడి నింపాడు, మతం గడి ఖాళీగా ఉంచాడు. 'సార్, అమ్మకు తెలియకుండా రాయాలా, ఆఫీసుకు తెలియకుండా రాయాలా?' అని అడిగాడు. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలకు. నేను పెన్ను ఇచ్చాను గాని, ఏం రాయాలో చెప్పలేకపోయాను.