ఆకు కోసే తేనెటీగలతో పరాగ సంపర్కం

పెట్టెల్లో పెంచే తేనెటీగల గురించి మీరు ఇదివరకే చదివారు. తేనె ఇవ్వని తేనెటీగలను కూడా కేవలం పంట కోసం పెంచుతారు. వాటిలో ముఖ్యమైనది మెగాకైలి ప్రజాతికి చెందిన ఆకు కోసే తేనెటీగ. గులాబీ, కంది ఆకుల అంచున కత్తెరతో కత్తిరించినట్లు గుండ్రటి కోత కనిపిస్తే అది చాలావరకు దీని పనే. ఆకును తినే పురుగు అంచును అంత నున్నగా వదలదు. ఈ తేడా తెలియక మందు చల్లితే మేలు చేసే ఈగే చనిపోతుంది.

ఈ ఈగలకు రాణి, కూలి ఈగలు, తుట్టె ఉండవు. ప్రతి ఆడ ఈగ బోలు కాండంలోనో, ఎండు కర్రలో పురుగు తొలిచి వదిలిన రంధ్రంలోనో తన గూడు తానే కట్టుకుంటుంది. కోసిన ఆకు ముక్కలను గదిలా చుట్టి, పుప్పొడి, మకరందం కలిపిన ముద్దను అందులో ఉంచి, దానిపై ఒక గుడ్డు పెట్టి, గుండ్రటి ముక్కలతో మూసేస్తుంది. ఒకదాని ముందు ఒకటిగా ఇలాంటి గదులు వరుసగా వస్తాయి. లోపలి గదుల్లో ఆడవి, ద్వారం దగ్గర మగవి పెరుగుతాయి. పుప్పొడిని ఇది కాళ్లపై ముద్దగా కాక, పొట్ట అడుగున ఉన్న వెంట్రుకల్లో పొడిగా మోస్తుంది. అందువల్ల అది కీలాగ్రానికి సులువుగా అంటుతుంది.

దీని విలువ లూసర్న్ పశుగ్రాసం విత్తనోత్పత్తిలో బయటపడింది. లూసర్న్ పువ్వులో కేసరాలు, కీలం ద్రోణిలో బిగువుగా ఇమిడి ఉంటాయి. ఈగ వాలి ద్రోణిని నొక్కగానే అవి స్ప్రింగులా లేచి దానిని కొడతాయి. దెబ్బ తిన్న మామూలు తేనెటీగ పువ్వు పక్కనుంచి మకరందం తీసుకోవడం నేర్చుకుంటుంది. అప్పుడు గింజ కట్టదు. ఆకు కోసే ఈగ ఆ దెబ్బను లెక్కచేయదు. అనుకోకుండా ఉత్తర అమెరికా చేరిన మెగాకైలి రొటుండేటా ఇలా అక్కడి విత్తన రైతులకు ఆధారమైంది. గూళ్లను చలికాలమంతా శీతల గదుల్లో ఉంచి, పూతకు మూడు వారాల ముందు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో పెడతారు. పూత వేళకు ఈగలు సిద్ధం!

మన దగ్గర దీనికి దగ్గరి ఉదాహరణ కంది. మామూలు కందిలో పువ్వు విచ్చకముందే చాలావరకు ఆత్మ పరాగ సంపర్కం జరిగిపోతుంది. సంకర విత్తనం అలా రాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రూపొందించిన, 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైన ఐ.సి.పి.హెచ్. 2671 వంటి సంకరాల విత్తనోత్పత్తిలో ఆడ వరుసలకు పురుష వంధ్యత్వం ఉంటుంది. పక్క వరుసల పుప్పొడిని వాటికి చేర్చేవి కొండ తేనెటీగలు, మెగాకైలి ఈగలే. ఇవి కొని తెచ్చినవి కావు, పొలం చుట్టూ బతికేవి. అవి లేని చోట సంకర విత్తనం పండించడం కష్టం.

మరి సోంపేట, పలాస ప్రాంతపు జీడితోటల మాటేమిటి? జీడి పువ్వు చిన్నది, విప్పారి ఉంటుంది. తెరవవలసిన ద్రోణి లేదు. పుప్పొడి జిగటగా ఉంటుంది కాబట్టి కీటకాలు తప్పనిసరి, కానీ ఆకు కోసే ఈగే కానక్కరలేదు. చిన్న ఒంటరి ఈగలు, పుట్ట తేనెటీగలు ఆ పని చేస్తాయి. కాబట్టి జీడి కోసం విదేశీ ఈగలను తెప్పించడం దండగ అని చెప్పవచ్చు. రోగాలు వెంట వచ్చే ప్రమాదం అదనం. గట్టుపై కంది, జనుము వేసే రైతుకు మాత్రం స్థానిక మెగాకైలి పనికివస్తుంది.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను పెద్ద ఎత్తున కూల్చింది. లేత తోటలో ఎండు కర్ర, పాత రంధ్రాలు తక్కువ. ముదురు తోటలోనూ కాండం, వేరు తొలిచే పురుగు పట్టిన చెట్లను తీసేయాలి, అది సరైన సలహాయే. అందుకే గూళ్లు మనమే ఇవ్వాలి. ఒక చివర కణుపుతో మూసుకున్న, 15 సెంటీమీటర్ల పొడవు, 6 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రం గల వెదురు ముక్కలను కట్టగా కట్టి, వాన తగలని చోట, తూర్పు ముఖంగా, నడుము ఎత్తున స్తంభంపై బిగించాలి. చీమలు ఎక్కకుండా స్తంభానికి గ్రీజు పూయాలి. టీ దోమకు పూతలో మందు చల్లక తప్పకపోతే ఈగలు తిరగని సాయంత్రం వేళ చల్లాలి. పిల్ల ఈగలు బయటికి వచ్చాక పాత ముక్కలను తీసి కాల్చి, కొత్తవి పెట్టాలి; లేకుంటే శిలీంధ్ర రోగం, పరాన్నజీవులు తరువాతి తరానికి సోకుతాయి.