ఇరువదినాలుగు గంటల నొప్పి

చిటికెనవ్రేలంతటి యవయవ మొకటి మహారాజు పట్టాభిషేకమును సైతము ఆపివేసినదన్న ఆశ్చర్యము కలుగక మానదు. 1902వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఇంగ్లండు రాజగు ఏడవ ఎడ్వర్డునకు పట్టాభిషేకము జరుగవలసియుండెను. రెండు దినములు ముందుగా, ఆయన కడుపులో చీము చేరినదని గ్రహించి, సర్ ఫ్రెడరిక్ ట్రీవ్సు అను శస్త్రవైద్యుడు శస్త్రచికిత్స చేసి దానిని వెడలించెను. రాజు కోలుకొని ఆగస్టు 9వ తేదీన కిరీటము ధరించెను. ఆ వ్యాధియే అపెండిసైటిసు. మన పల్లెలలో దీనిని ఇరువదినాలుగు గంటల నొప్పి యందురు.

చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలియుచోట, పొట్టకు కుడివైపున అడుగుభాగమున, పురుగువంటి సన్నని గొట్ట మొకటి వ్రేలాడుచుండును. అదియే ఉండుకము. దాని కొన మూసియుండును. గట్టిపడిన మలపుటుండ అడ్డుపడినను, లోపలి కణజాలము వాచినను దాని ద్వారము మూసికొనిపోవచ్చును. అప్పుడు లోన నూరు ద్రవము వెలికి రాజాలదు, ఒత్తిడి పెరుగును, సూక్ష్మజీవులు వృద్ధియగును, రక్తప్రసారము సన్నగిల్లి గోడ క్రుళ్లును. తుదకది పగిలినచో చీము కడుపులో వ్యాపించి ప్రాణాపాయము కలుగును.

పూర్వము పలువురు వైద్యులు ఈ నొప్పికి మూలము పెద్దప్రేగు మొదటిభాగమని తలచిరి. 1886లో అమెరికాలోని బోస్టను నగరమునందలి రెజినాల్డు ఫిట్జు అను వైద్యుడు, అనేక రోగుల వృత్తాంతములను, మృతదేహపరీక్షల ఫలితములను పోల్చిచూచి, మూలము ఉండుకమేయని నిరూపించెను. వ్యాధికి పేరు పెట్టినవా డాయనయే. 1889లో న్యూయార్కు శస్త్రవైద్యుడు ఛార్లెసు మెక్‌బర్నీ, కుడితుంటి యెముక మొననుండి బొడ్డువైపునకు ఒకటిన్నర మొదలు రెండంగుళముల దూరమున వ్రేలితో నొక్కినచో నొప్పి మిక్కుటమగునని తెలిపెను.

ఈ నొప్పి తరచుగా బొడ్డుచుట్టును పుట్టి, కొన్ని గంటలకు కుడివైపునకు దిగును. కారణ మేమన, ఉండుకపు నాడులును బొడ్డుప్రాంతపు నాడులును వెన్నుపాములో ఒకేతావున చేరును. అందుచే మెదడు నొప్పి బొడ్డుకడ నున్నట్లు భ్రమించును. వాపు కడుపుగోడ లోపలి పొరను సోకిన పిమ్మటనే అసలు తావు తెలియవచ్చును. ఆకలి చచ్చుట, వాంతి, కొద్దిపాటి జ్వరము తోడగును. అందరియందును ఈ గుర్తులు ఒకేరీతిగ నుండవు. కావున వైద్యుడు రోగి చెప్పినది శ్రద్ధగా విని, పొట్టను తాకిచూచి, రక్తపరీక్షవలనను స్కానింగువలనను నిశ్చయించుకొనును.

కడుపునొప్పి యనగానే ఆముదము త్రాగించుట మన యిండ్లలో పాత అలవాటు. ఈ వ్యాధిలో అదియే ప్రేగుల కదలికను హెచ్చించి ఉండుకము పగులుటకు దారితీయవచ్చును. తీవ్రమైన నొప్పి హఠాత్తుగా తగ్గినను నమ్మరాదు. ఒక్కొక్కప్పుడది ఉండుకము పగిలినదనుటకు గుర్తు. నేడు చిన్న రంధ్రములద్వారా ఉండుకమును తీసివేయుచున్నారు. కొందరికి మందులతోనే నయమగుచున్నది. అయినను ఏ చికిత్సయైనను సకాలమున జరిగిననే ఫలించును. నొప్పిని దాచుకొని ఓర్చుట ధైర్యము కాదు. పెద్దలకు వెంటనే చెప్పుటయే వివేకము.