నీలకంఠ రొయ్యకు మేత: పొద్దున కొంచెం, పొద్దుగూకినంక ఎక్కువ

జూరాల వంటి పెద్ద జలాశయంలో వదిలిన రొయ్య పిల్లకు ఎవరూ మేత వేయరు. అడుగున దొరికే పురుగు, నాచు, కుళ్లిన ఆకు తిని అదే పెరుగుతుంది. పది గుంటల కుంటలో ఆ లెక్క కుదరదు. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందుతున్న ఊళ్లలో, కుంటలో ఆరు నెలలు నీరు నిలిచే రైతు చేపతో పాటు మంచినీటి నీలకంఠ రొయ్యను కూడా వేసుకోవచ్చు. అయితే ముందుగా మేత సంగతి తెలుసుకోవాలి. పెంపకం ఖర్చులో పెద్ద భాగం మేతదే. మేత ఎక్కువేస్తే రొయ్య జల్దీ పెరుగుతుందనుకుని చాలామంది నష్టపోయేది కూడా ఇక్కడే.

నీలకంఠ రొయ్య పగలు నీడన దాగి, చీకటి పడ్డాక మేతకు తిరుగుతుంది. అందుకని రోజు మేతలో మూడో వంతు పొద్దున, మిగతా రెండు వంతులు పొద్దుగూకినంక వేయాలి. ఇది చేపలాగా గుంపుగా వచ్చి తినదు. ఒక్కోటి తన జాగా పట్టుకుని ఉంటుంది. ఒక్క మూలన కుమ్మరిస్తే పెద్ద డెక్కల మగ రొయ్యలు అక్కడ కాపు కాసి చిన్నవాటిని రానివ్వవు. ఒడ్డు వెంట, లోతు తక్కువ ఉన్న చోట చుట్టూరా చల్లుకుంటూ పోవాలి.

ఇక ఎంత వేయాలి? ఒక్కో రొయ్య 5 నుంచి 15 గ్రాములున్నప్పుడు మొత్తం బరువులో 7 శాతం, 15 నుంచి 25 గ్రాములకు 5 శాతం, ఆపైన 3 శాతం సరిపోతుంది. కుంటలో రెండు వేల రొయ్యలుండి, ఒక్కోటి 20 గ్రాములుంటే మొత్తం బరువు 40 కిలోలు. దానికి రోజుకు 2 కిలోల మేత చాలు. పదిహేను రోజులకోసారి విసురు వలతో కొన్ని పట్టి తూచి లెక్క సరిచూసుకోవాలి.

ఈ లెక్క కాగితం మీదిదే. అసలు లెక్క జల్లెడ చెబుతుంది. రెండడుగుల చట్రానికి దోమతెర బిగించి, అలాంటివి రెండు కుంట అడుగుకు తాడుతో దింపండి. మేత చల్లేటప్పుడు పిడికెడు వాటిలోనూ వేసి రెండు గంటల తర్వాత లేపి చూడండి. పూర్తిగా ఖాళీ అయితే మరునాడు పదో వంతు పెంచాలి. మిగిలితే తగ్గించాలి. జల్లెడలో పారదర్శకంగా ఉన్న పొట్టు కనిపిస్తే రొయ్యలు పైపొర విడుస్తున్నాయని అర్థం. అప్పుడవి సరిగా తినవు. ఒళ్లు మెత్తగా ఉంటుంది కనుక పక్క రొయ్యలే పీక్కుతింటాయి. దాక్కోవడానికి ఈత మట్టలు, పగిలిన కూనపెంకులు అడుగున వేసి ఉంచాలి.

మిగిలిన మేత అడుగున కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. తెల్లవారుజామున రొయ్యలన్నీ ఒడ్డుకు చేరాయంటే ఆ ప్రమాదం వచ్చినట్లే. ఆ పూట మేత ఆపి, కొత్త నీరు పెట్టాలి. మోటారు నీటిని పైనుంచి చిమ్మేలా వదిలితే ఇంకా మంచిది.

మేత కొనలేనివారు ఇంట్లో చేసుకోవచ్చు. మన దగ్గర పల్లి చెక్కకు కొదవ లేదు. పల్లి చెక్క 35 పాళ్లు, తవుడు 35, ఎండు చేపల పొడి 20, గోధుమ లేదా మక్క పిండి 10 పాళ్లు. పిండిని గంజిలా ఉడికించి మిగతావి కలిపి ముద్ద చేసి, మురుకుల గొట్టంలో ఒత్తి ఎండబెట్టి విరుచుకోవాలి. మాంసకృత్తులు సుమారు 30 శాతం వస్తాయి. గ్లాసెడు నీళ్లలో ఒక ముక్క వేసి చూడండి. గంటసేపు విడిపోకుండా ఉంటేనే పనికొస్తుంది. బూజు పట్టిన పల్లి చెక్కలో విషం పుడుతుంది, చవకగా వస్తుందని తేవద్దు. ఆముదం చెక్క అసలే వద్దు. అది చేనుకు ఎరువే గానీ మేత కాదు.

గద్వాల వైపు పత్తి విత్తన సాగు చేసేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. రొయ్య కూడా పురుగుల దగ్గరి చుట్టమే. పత్తికి కొట్టే సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు చేప తట్టుకునే మోతాదులో కూడా రొయ్యను చంపుతాయి. చేను నీరు కుంటలో దిగకుండా గట్టు వేయాలి. స్ప్రేయరు కుంటలో కడగరాదు.

తోడు వేసే చేపల్లో బొచ్చె, వెండి చేప మేలు. బంగారు తీగ అడుగున తిరిగి రొయ్య మేతను తినేస్తుంది. కొర్రమట్ట ఉంటే రొయ్యనే తింటుంది.

పిల్లను మాత్రం కొనుక్కోవాల్సిందే. దీని లార్వా కొంత ఉప్పున్న నీటిలోనే బతుకుతుందని 1961లో మలేసియాలోని పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త కనుగొన్నాడు. హేచరీలు సముద్ర తీరాన ఉండేది అందుకే.

పిల్లను వానాకాలం మొదట్లోనే వదలాలి. నీటి వేడి 20 డిగ్రీల కంటే తగ్గితే రొయ్య మేత ముట్టదు. చలి ముదిరే నాటికి మేత బాగా తగ్గించి, నీలి డెక్కల పెద్ద మగవాటిని ముందు పట్టి అమ్ముకోవాలి. అవి పోతే చిన్నవి ఎదుగుతాయి.