హ్యాకైతే మొదటి ఫోన్ ఎవరికి?

పెద్దముడియంలో ఉండి కరెంటు బిల్లు ఫోన్లో కట్టేస్తున్నారా? అయితే సైబర్ భద్రత మీ మీటరు దాకా వచ్చేసినట్టే. 2019 మే మొదట్లో ఆంధ్ర, తెలంగాణ డిస్కంల కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. కడప జిల్లాకు కరెంటిచ్చే ఏపీఎస్‌పీడీసీఎల్ కూడా వాటిలో ఉంది. ఆన్‌లైన్ సేవలకు ఆటంకం కలిగింది.

ఇలాంటప్పుడు సంస్థ ఎవరికి చెప్పాలి? ఈ రంగంలో ఉద్యోగం చేయాలనుకుంటే ముందు తెలియాల్సింది ఇదే. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం కేంద్ర ఐటీ శాఖ కింది సెర్ట్-ఇన్‌కు ఆరు గంటల్లో తెలపాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. విద్యుత్తు, బ్యాంకింగ్, టెలికాం లాంటి కీలక వ్యవస్థల రక్షణ చూసేది మాత్రం 2014లో వచ్చిన ఎన్‌సీఐఐపీసీ. అది ఎన్‌టీఆర్‌ఓ అనే నిఘా సంస్థలో భాగం. మీ ఖాతాలో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి, అది హోంశాఖ దారి. సైన్యం నెట్‌వర్క్‌లకు డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ ఉంది.

ఇన్ని తలుపులెందుకు? ఒక్కో అవసరం ఒక్కోసారి ముంచుకొచ్చింది, ఒక్కో సంస్థ పుట్టింది. పైగా పోలీసు వ్యవస్థ రాష్ట్రాలది, రక్షణ కేంద్రానిది. అసలు చిక్కు టెక్నాలజీ కాదు, గోప్యత. దాడి సంగతి త్వరగా బయటికి చెబితే పక్క సంస్థ జాగ్రత్త పడుతుందనేది పౌర రంగం పద్ధతి. చెబితే మన లోపం శత్రువుకి తెలిసిపోతుందనేది రక్షణ రంగం భయం. రెండూ నిజమే! ఎవరి పని ఏమిటో 2024 సెప్టెంబరులో కేంద్రం స్పష్టం చేసి, మొత్తం సమన్వయాన్ని జాతీయ భద్రతా మండలి సచివాలయానికి అప్పగించింది.

ఈ గీతలు కాగితం మీద ఉన్నంత శుభ్రంగా ఉండవు. 2019 డిసెంబరులో నౌకాదళ సిబ్బంది ఏడుగురు అరెస్టయ్యారు. ఫేస్‌బుక్ పరిచయాలతో వారినుంచి నౌకల సమాచారం రాబట్టారన్నది ఆరోపణ. ఆ కేసు బయటపెట్టింది మన రాష్ట్ర పోలీసు ఇంటెలిజెన్సే. తర్వాత ఎన్ఐఏ తీసుకుంది. నౌకాదళం స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. రక్షణ రహస్యం, ప్రైవేటు యాప్, రాష్ట్ర పోలీసు... అన్నీ ఒకే కేసులో!

పులివెందుల జేఎన్‌టీయూలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ఐటీలోనో చదువుతుంటే హ్యాకింగ్ వీడియోల దగ్గరే ఆగిపోకండి. విద్యుత్ సంస్థలన్నీ సీఐఎస్‌ఓను, అంటే సమాచార భద్రతకు బాధ్యుడైన అధికారిని పెట్టుకోవాలని 2021లో సీఈఏ మార్గదర్శకాలిచ్చింది. ఆ అధికారి కింద ఆడిట్ చేసేవాళ్లు, లాగ్‌లు చదివేవాళ్లు కావాలి. సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిట్ సంస్థలూ ఇదే పని చేస్తాయి. డీఆర్‌డీఓ వైపు వెళ్లాలంటే గేట్ స్కోరు ముఖ్యం. సీ-డాక్ భద్రతా కోర్సులకు సీ-క్యాట్ రాయాలి.

ఐటీ చట్టంలో 70ఏ, 70బీ సెక్షన్లు చదవండి, రెండు పేజీలు మించవు. తర్వాత పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, ఒక రోజు లాగ్ తీసుకోండి. తప్పు పాస్‌వర్డ్‌తో ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి లాగిన్ కావాలని చూశారో ఒక్క పేజీలో రాయండి. ఆరు గంటల్లో పంపాల్సిన నివేదికలోనూ అడిగేది దాదాపు ఇదే.